వంటిల్లుతో సహా వాడరేవుకు!

తెనాలి వారికీ, బాపట్ల వారికీ, రేపల్లె వారికీ సముద్రం ఎంత దూరమంటారు? పొద్దున్నే కాఫీ తాగి బయలుదేరితే టిఫిను వేళకు అలల ముందు ఉండొచ్చు. అయినా మనలో ఎంతమందిమి సముద్రాన్ని తీరిగ్గా చూశాం చెప్పండి? కార్తీక పౌర్ణమికి జనంలో జనంగా వెళ్ళి, మూడు మునకలు వేసి, పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ తిరిగి రావడమే గానీ! పోనీ సరదాగా వెళ్ళినా ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. శ్రీవారు, పిల్లలు, మరుదులు అందరూ నీళ్ళలో ఉంటారు. మనం ఒడ్డున నిలబడి అందరి చెప్పులకూ, వాచీలకూ, సెల్ ఫోన్లకూ కాపలా కాస్తుంటాం. తర్వాత అందరూ ఒక్కసారిగా ఆకలంటూ వచ్చి మీద పడతారు!

అందుకే ఈసారి వాడరేవు ప్రయాణం గురించి కొంచెం వివరంగా చెప్పుకుందాం. దారి గురించీ, తీరం గురించీ మాత్రమే కాదు, వెళ్ళిన ఇల్లాలికి కూడా అది సెలవు రోజులా ఉండాలంటే ఏం చేయాలన్నది కూడా.

గూడుబండి నుంచి ట్రక్కు దాకా

విదేశాల్లో కారు వెనకాల చిన్న ఇల్లులాంటి బండి తగిలించుకుని ఊళ్ళు తిరుగుతారు. అందులోనే పడక, అందులోనే పొయ్యి. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2021లో ఇలాంటి కారవాన్ల కోసం ప్రత్యేకంగా ఒక పర్యాటక విధానమే తెచ్చింది. వినడానికి కొత్తగా ఉంది కదూ? నిజానికి మనవాళ్ళకు ఇది పాత సంగతే. మన అమ్మమ్మల కాలంలో తిరునాళ్ళకు గూడుబండి కట్టేవారు. కింద ఎండుగడ్డి, దాని మీద బొంత, పైన తాటాకు గూడు. ఇరుసు కింద నీళ్ళ కుండ వేలాడుతుండేది. చెట్టు కనబడిన చోట ఎద్దుల్ని విప్పి, మూడు రాళ్ళు పెట్టి వంట మొదలెట్టేవారు.

ఇక కాలవ మీద పడవ ప్రయాణాల సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. కృష్ణ నీళ్ళు తెచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువతో కలుస్తుంది. ఒకప్పుడు అదే దారిన పడవలు మద్రాసు దాకా పోయేవి. పడవలోనే వంట, పడవలోనే నిద్ర. అంటే ఇల్లు వెంటబెట్టుకుని తిరగడం మనకు కొత్తేమీ కాదన్నమాట!

ఎడ్లబండి పోయి ట్రాక్టరు వచ్చాక, ట్రక్కు మీద వెదురు బద్దలు వంచి, పైన టార్పాలిన్ పట్టా కట్టి, వంట సామానుతో సహా ఊరంతా సముద్ర స్నానాలకు బయలుదేరడం మొదలైంది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా, ఈ ప్రయాణం మాత్రం వద్దేవద్దు. ట్రాక్టరు ట్రక్కు సరుకుల కోసం చేసింది. మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. మలుపులో చక్రం రోడ్డు దిగితే ట్రక్కు ఇట్టే బోల్తా పడుతుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైగా మనతోపాటు వంట పాత్రలూ మీద పడతాయి. తిరునాళ్ళ రోజుల్లో ఇలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం. పొలం పనికి ట్రాక్టరు సరే, పిల్లల్ని తీసుకెళ్ళడానికి మాత్రం కారో, వ్యానో మాట్లాడుకోండి. నాలుగు కుటుంబాలు కలిస్తే టెంపో ట్రావెలర్ అద్దె తలా కొంచెమే పడుతుంది.

దారి పొడుగునా

తెనాలి నుంచి వాడరేవుకు రెండు దారులు. పొన్నూరు, బాపట్ల, చీరాల మీదుగా వెళ్ళేది దగ్గరి దారి. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరి, అక్కణ్ణుంచి చెరుకుపల్లి వైపు 216 నంబరు జాతీయ రహదారి పట్టుకుని బాపట్ల, చీరాల వెళ్ళేది చుట్టుదారి. రెండు రోజులు చేతిలో ఉంటే, ఒక దారిన వెళ్ళి ఇంకో దారిన రండి. చూసిందే చూసే పని ఉండదు.

భట్టిప్రోలు దగ్గర పది నిమిషాలు ఆగండి. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన తవ్వకాలు జరిపితే, ధాతువులు దాచిన రాతి భరిణెలు దొరికాయి. వాటి మీద క్రీస్తు పూర్వపు అక్షరాలున్నాయి. పాఠంలో చదివిన సంగతి ఇదేనని చెబితే పిల్లలు ఎంత శ్రద్ధగా చూస్తారో! రేపల్లెకు దక్షిణాన ఉన్న నిజాంపట్నానికీ పెద్ద చరిత్రే ఉంది. ఇంగ్లీషు వాళ్ళు 1611లోనే ఓడలో వచ్చి అక్కడ వ్యాపారం మొదలెట్టారు. అప్పట్లో దాన్ని పెటపోలి అనేవారు. ఇప్పుడది చేపల రేవు. పక్కనే మడ అడవులు.

బాపట్ల చేరగానే నేల రంగు మారిపోతుంది. నల్లరేగడి పోయి ఇసుక వస్తుంది. తాటి చెట్లు, జీడిమామిడి తోటలు, సరుగుడు తోటలు. ఊరికి ఆ పేరు రావడానికి కారణమైన భావనారాయణస్వామి గుడి చూసుకోవచ్చు. 1945 నుంచి ఉన్న వ్యవసాయ కళాశాల ఈ ఊరిదే. చలికాలంలో వెళితే తేగలు, వేసవి మొదట్లో వెళితే ముంజలు రోడ్డు పక్కనే దొరుకుతాయి. తేగలు కాల్చినవి తీసుకోండి, ఉడకబెట్టిన వాటికన్నా రుచి. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక. అదీ మంచి తీరమే. అయితే సెలవు రోజుల్లో అక్కడ రద్దీ ఎక్కువ.

అన్నట్లు, ఈ ఊళ్ళన్నీ ఇప్పుడు ఒకే జిల్లా. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి బాపట్ల, రేపల్లె, వేమూరు ప్రాంతాలనూ, ప్రకాశం జిల్లా నుంచి చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలనూ కలిపి బాపట్ల జిల్లా చేశారు. తెనాలి, పొన్నూరు మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయాయి.

వాడరేవులో ఏముంది?

చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్లు పోతే రోడ్డు ముగుస్తుంది, ఇసుక మొదలవుతుంది. ఓడలు ఆగిన రేవు కాబట్టి ఓడరేవు, జనం నోట్లో వాడరేవు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద ఓడరేవు. తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారట. గణపతిదేవుడు 1244లో శాసనం వేయించి, అలా చేయబోమని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. ఆ శాసనం మోటుపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర ఉంది. కష్టంలో ఉన్నవాడి సొమ్ము ముట్టుకోకూడదన్న మాట రాతి మీద చెక్కించిన రాజు మనవాడు! పిల్లలకు తప్పకుండా చెప్పండి.

వాడరేవులో అసలు చూడాల్సింది తెల్లవారుజాము. ఎంత బద్ధకమైనా సరే, చీకటితోనే లేచి ఒడ్డుకు వెళ్ళండి. సూర్యుడు నీళ్ళలోంచి పైకి వస్తాడు. అదే సమయానికి రాత్రి వేటకెళ్ళిన పడవలు ఒడ్డుకు చేరుతుంటాయి. వలలు దులుపుతుంటే వెండి ముక్కల్లా చేపలు రాలతాయి. అక్కడికక్కడే పాట పాడతారు. బుట్టలు నెత్తికెత్తుకున్న ఆడవాళ్ళు క్షణాల్లో లెక్క తేల్చేస్తారు, కాగితం లేదు, కలం లేదు. చందువాలు, వంజరాలు, కానాగంతలు, రొయ్యలు, పీతలు ఏవి తాజావో తెలుసుకోవాలంటే వాళ్ళనే అడగండి. "చెవి ఎత్తి చూడమ్మా, ఎర్రగుంటే ఇప్పటిది" అని చూపించి మరీ చెబుతారు. అంటే మొప్ప రంగు చూడమని. కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. చేపల కోసమే వెళ్ళేవారు ఆ రెండు నెలలూ వెళ్ళి ప్రయోజనం లేదు. మన ప్రయాణానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా అనుకూలం. కాకపోతే నవంబరు, డిసెంబరు తుఫానుల కాలం కూడా. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చింది కార్తీకంలోనే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. బయలుదేరే ముందు రోజు వాతావరణ వార్తలు వినండి. హెచ్చరిక ఉంటే అడ్వాన్సు పోయినా సరే, ఆగిపోండి.

వంట ఎవరిది?

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. వంటిల్లు వెంట తీసుకెళ్తున్నామంటే, వంటమనిషి కూడా వస్తున్నట్లే కదా! ఆ వంటమనిషి ఎవరో వేరే చెప్పాలా?

పోయిన సంక్రాంతి సెలవుల్లో మేము పదకొండు మందిమి వ్యాను మాట్లాడుకుని వాడరేవు వెళ్ళాం. సరుగుడు చెట్ల నీడలో దిగగానే అలవాటు ప్రకారం నేనూ, మా తోడికోడలూ పొయ్యి, గిన్నెలు దించడం మొదలెట్టాం. డెబ్భై ఆరేళ్ళ మా అత్తగారు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. "ఎటు తిరిగి కూర్చుంటావమ్మాయ్ పొయ్యి దగ్గర?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. "గాలి సముద్రం మీంచి వస్తుంది. మంట ఆరిపోకుండా నీ వీపు అడ్డం పెట్టి కూర్చోవాలి. నేను మూడుసార్లొచ్చా సముద్రానికి. ఒకసారి బండి మీద, రెండుసార్లు ట్రాక్టరు మీద. మూడుసార్లూ నా వీపే చూసింది సముద్రాన్ని."

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మా మరిది వచ్చి నా చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. "వదినా, ఏం వేయాలో అక్కడ కూర్చుని చెప్పండి, నేను వేస్తా" అన్నాడు. శ్రీవారు మాట్లాడకుండా కొత్తిమీర బాగుచేయడానికి కూర్చున్నారు. ఆకులకన్నా కాడలే ఎక్కువ పడ్డాయనుకోండి! మేము ముగ్గురం ఆడవాళ్ళం మా అత్తగారి కుర్చీ నీళ్ళ దగ్గరకు జరిపి, ఆవిడ పాదాలు అలల్లో తడిసేలా కూర్చోబెట్టాం. గంటన్నర సేపు ఆవిడ అక్కణ్ణుంచి లేవలేదు.

కాబట్టి బయలుదేరే ముందే ఇంట్లో అందరి ముందూ వంతులు తేల్చుకోండి. అక్కడికెళ్ళాక అడిగితే ఎవరూ దొరకరు! రెండు రోజుల ప్రయాణానికి ఇలా అనుకుంటే సులువు. మొదటిరోజు మధ్యాహ్నం భోజనం ఇంటి నుంచే పొట్లాలు. ఆ రాత్రి చీరాలలోనో, దిగిన చోటో హోటలు భోజనం. రెండోరోజు మధ్యాహ్నం ఒక్కపూట వంట, అది మగవారిది. గిన్నెలు కడగడం పిల్లలది. ఇసుకతో తోమడమంటే వాళ్ళకు ఆటే!

పొట్లాల్లోకి పులిహోర, దద్దోజనం చాలు. పులిహోరకు అన్నం పళ్ళెంలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక కలపండి. వేడి మీద డబ్బాలో పెట్టి మూతపెడితే ఆవిరికి మధ్యాహ్నానికల్లా పాడవుతుంది. దద్దోజనానికి పెరుగు కొద్దిగా వేసి మిగతా అంతా కాచి చల్లార్చిన పాలే పోసి కలిపితే, తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది, పులవదు.

మగవారు కూడా చేయగల పులగం

ఆరుగురికి: బియ్యం 2 గ్లాసులు, పెసరపప్పు 1 గ్లాసు, నీళ్ళు 8 గ్లాసులు, జీలకర్ర 2 చెంచాలు, మిరియాలు 1 చెంచా, అల్లం ముక్క, కరివేపాకు, నెయ్యి 4 చెంచాలు, తగినంత ఉప్పు.

పెసరపప్పును ఇంట్లోనే కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, చల్లార్చి, బియ్యంతో కలిపి డబ్బాలో పోసుకుని వెళ్ళండి. అక్కడ కుక్కర్లో నెయ్యి కాచి, జీలకర్ర, దంచిన మిరియాలు, అల్లం తరుగు, కరివేపాకు వేయించాలి. కడిగిన బియ్యం, పప్పు వేసి ఒక నిమిషం తిప్పి, నీళ్ళు, ఉప్పు వేసి నాలుగు కూతలు రానివ్వాలి. పక్కన గోంగూర పచ్చడి, అప్పడాలు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. సముద్రపు గాలికి ఆకలి రెట్టింపవుతుంది, కాస్త ఎక్కువే పెట్టుకోండి.

సముద్రంతో చెలగాటం వద్దు

సూర్యలంకలోనూ, వాడరేవులోనూ స్నానానికి దిగి కొట్టుకుపోయినవారి వార్తలు పత్రికల్లో పదేపదే వస్తుంటాయి. ఎక్కువగా చదువుకునే పిల్లలే. ఈ నాలుగు ముక్కలు మీ పిల్లలకు ముందే నేర్పండి.

అలలు విరిగి తెల్లటి నురగ వస్తున్న చోటుకన్నా, వాటి మధ్య నురగ లేకుండా నున్నగా కనబడే పాయ ప్రమాదకరం. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ అటునుంచే వెనక్కి వెళతాయి, మనిషిని కూడా లోపలికి లాగుతాయి. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఓపిక అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగాలి. ఈత రానివారు వెల్లకిలా తేలుతూ, చేయి ఎత్తి పిలవాలి.

నీళ్ళు మోకాలు దాటకుండా చూసుకోండి. మందు తాగినవారిని దిగనివ్వకండి, ఇంటి అల్లుడైనా సరే. చీరతో లోతుకు వెళ్ళకండి. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవారికైనా కష్టమే. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకకుండా, తాడో, ఖాళీ నీళ్ళ క్యానో మూత బిగించి విసరండి. దగ్గర్లోని పల్లెకారులను కేకేయండి. ఆ నీళ్ళ సంగతి వాళ్ళకు తెలిసినట్లు మరెవరికీ తెలియదు.

మీ బండిలో ఉండవలసినవి

ఒంటి పొయ్యి, చిన్న సిలిండరు. బండి నడిచేటప్పుడు సిలిండరుకు రెగ్యులేటరు తీసేసి నిలబెట్టే ఉంచాలి. బండిలో పొయ్యి ఎప్పుడూ వెలిగించకూడదు. పొయ్యికి గాలి తగలకుండా మూడు వైపులా అడ్డం పెట్టడానికి రేకు. వీపులు అడ్డం పెట్టే రోజులు పోవాలి కదా!

మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున మంచినీళ్ళు. తీరంలో ఉప్పునీళ్ళే. వంటకీ, కాళ్ళు కడుక్కోవడానికీ వేరుగా మరో రెండు క్యాన్లు.

అడ్డాకు విస్తర్లు. ప్లాస్టిక్ పళ్ళేలు వద్దు, అవి గాలికి ఎగిరి సముద్రంలోకే పోతాయి. చెత్తకు ఒక పాత బియ్యం సంచి. మనం తెచ్చిన చెత్త మనతోనే తిరిగి రావాలి.

పాత చీరలు రెండు, నాలుగు కర్రలు, తాడు. సరుగుడు చెట్ల మధ్య కట్టుకుంటే బట్టలు మార్చుకోవడానికి మరుగు. ఆడవాళ్ళకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఇదే, నోరు తెరిచి చెప్పుకోలేం కూడా. మరుగుదొడ్డి ఉన్న గది ఒకటి ముందే తీసుకోండి, పగటిపూటకైనా సరే. పదిమంది కలిసి ఒక గది అద్దె పెట్టుకుంటే భారం కాదు. దారిలో ఇబ్బందని నీళ్ళు తాగడం మానేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆరోగ్యానికి అది మంచిది కాదు.

టాల్కం పౌడరు డబ్బా. కాళ్ళకు అంటిన తడి ఇసుక మీద చల్లి తుడిస్తే ఇట్టే రాలిపోతుంది. ఉప్పునీళ్ళకు తడిసిన బట్టల్ని అదేరోజు మంచినీళ్ళలో జాడించండి. బంగారం ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.

తిరిగొచ్చేటప్పుడు చీరాల

చీరాల వెళ్ళి చీర కొనకుండా వచ్చేదెలా? జాండ్రపేట, పేరాల, ఈపూరుపాలెం వైపు వీధుల్లో నడిస్తే మగ్గాల చప్పుడు వినబడుతుంది. కుప్పడం చీరల అంచు చూసి ముచ్చటపడని వారుండరు. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాళ్ళు ఒకప్పుడు ఇక్కణ్ణుంచే అరబ్బు దేశాలకు వెళ్ళేవి. కాస్త సమయముంటే వేటపాలెం వెళ్ళండి. జీడిపప్పుకు పేరున్న ఊరు. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడే ఉంది. గాంధీగారి చేతికర్ర అందులో భద్రంగా దాచారు.

చీరాల వీధుల్లో నడుస్తున్నప్పుడు ఇంకో సంగతి కూడా గుర్తుచేసుకోండి. చీరాల, పేరాల ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు విపరీతంగా పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఇళ్ళకు తాళాలు వేసి, ఊరి బయట రామనగరం అని పేరు పెట్టుకుని పాకల్లో ఉన్నారు. ఒకరోజు, రెండు రోజులు కాదు, దాదాపు పదకొండు నెలలు! ఎండలో, వానలో ఆ పాకల్లో పొయ్యిలు వెలిగించింది, పిల్లల్ని సాకింది ఆ ఇళ్ళ ఆడవాళ్ళే. పన్ను కట్టనందుకు జైలుకెళ్ళినవారిలో ఒక మహిళ కూడా ఉన్నారు. బయట గుడారం వేసుకుని రెండు రోజులు గడపడానికే మనం ఇంత జాబితా రాసుకున్నామే, వాళ్ళ ఓపిక ఎంతటిదో ఆలోచించండి.

ఇక ఆలస్యమెందుకు? ఈ పత్రిక భోజనాల బల్ల మీద, అందరికీ కనబడేలా, వంతుల పేజీ తెరిచి పెట్టండి. ఎవరెవరు ఏ పూట వండుతారో పేర్లు రాయించుకున్నాకే వ్యాను మాట్లాడమని శ్రీవారితో చెప్పండి!